చెయ్యి దించేదాకా

గవరయ్య నోటితో బతికే మనిషి కాదు, చేత్తో బతికే మనిషి. చేత్తో అంటే బస్తాలు మొయ్యడం అనుకునేరు. అది అతని తండ్రి చేశాడు. గవరయ్యది అంతకంటే ఒక మెట్టు పైన. ఖిదిర్‌పూర్ డాకులో, ఓడ పొట్టలోకి తెరిచిన పెద్ద నోటి అంచున నిలబడి, క్రేను తోలేవాడికి సైగలు చెయ్యడం అతని ఉద్యోగం. క్రేను వాడికి ఓడ లోపల ఏముందో కనపడదు. లోపలున్న కూలీల కేక అతనికి వినపడదు. ఇద్దరికీ మధ్య ఉన్నది గవరయ్య కుడిచెయ్యి ఒక్కటే. చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే బరువు ఎత్తమని, దాన్ని డాకులో హాపిస్ అంటారు. అరచెయ్యి బోర్లించి మెల్లగా కిందికి ఊపితే దించమని, అది ఆరియా. పిడికిలి బిగించి పైకెత్తితే మాత్రం బరువు ఎక్కడిదక్కడ, గాల్లో ఉంటే గాల్లోనే, ఆగిపోవాలి. మళ్ళీ ఆరియా చూపించేదాకా వేలెడు కదలకూడదు. ఒక ఓడ నోటికి ఒక్కటే చెయ్యి. పక్కన కెప్టెనే వచ్చి గొంతు చించుకున్నా క్రేను వాడు ఆ చేతినే చూడాలి, ఇంకెవరి మాటా వినకూడదు.

ఈ విద్యని గవరయ్య ఇంటికి కూడా మోసుకొచ్చాడు. గార్డెన్ రీచ్‌లో డాకు వాళ్ళ లైన్లనే వరస ఇళ్ళలో అతనిది ఒక గది, ముందు చిన్న వసారా. ఆ గదిలో ముగ్గురు పిల్లలు. సుందరికి తొమ్మిదేళ్ళు, వెంకటేశుకి ఏడు, ఆఖరుదైన సింహాచలమ్మకి ఐదు. ఐదేళ్ళ పిల్ల అంత పేరు మొయ్యలేదని అందరూ సిమ్మి అంటారు. డ్యూటీ నుంచి రాగానే గవరయ్య వసారాలో నిలబడి వేలు తిప్పేవాడు. ముగ్గురూ మెల్లగా లేచి నిలబడేవాళ్ళు. పిడికిలి చూపిస్తే ఒంటికాలి మీద ఉన్నవాళ్ళు ఒంటికాలి మీదే, నోట్లో మరమరాలు ఉన్నవాళ్ళు నమలకుండానే ఆగిపోయేవాళ్ళు. చెయ్యి బోర్లిస్తే కూలబడి పకపకా నవ్వేవాళ్ళు. లైన్లో వాళ్ళంతా ఈ సర్కస్ చూడ్డానికి పనిగట్టుకుని వచ్చేవారు. గవరయ్య ఛాతీ అప్పుడు రెండంగుళాలు పెరిగేదని భార్య తవిటమ్మ ఎద్దేవా చేసేది గానీ, ఆమెకీ లోపల ముచ్చటగానే ఉండేది.

ఆ ఏడు కార్తీకంలో తవిటమ్మకి నాలుగో కాన్పు అయింది. మగపిల్లాడు. పురిటికి ఆమెని ఊరు పంపిస్తే ఇక్కడ పిల్లల బడి పాడవుతుందని, తల్లి అమ్మన్నమ్మే టెక్కలి దగ్గర పల్లె నుంచి రైలెక్కి వచ్చింది. అల్లుడితో ఎదురుగా మాట్లాడ్డం అమ్మన్నమ్మ పద్ధతి కాదు. చెప్పవలసింది గోడకి చెబుతుంది, పొయ్యికి చెబుతుంది, ఒళ్ళో పసివాడికి చెబుతుంది. గవరయ్య కూడా జవాబు గోడకే చెబుతాడు. పదేళ్ళుగా ఆ ఇద్దరి మధ్యా గోడలు చాలా విన్నాయి.

డిసెంబరు వచ్చి చలి ముదురుతున్న ఒకరోజు ఆమె గోడతో అంది. "నలుగురు గుంటల్ని ఇదొక్కతీ ఏటి సూస్తాది? ఒళ్ళు సూడు, పుల్లైపోనాది. బడికెల్లిన గుంటలు బడికెల్తారు. ఆ సిన్నదాన్ని నాను అట్టుకెల్లిపోతాను. ఓ రెండేళ్ళు మా కాడుంటాది."

గవరయ్య అన్నం ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయింది. సిమ్మి రాత్రిళ్ళు అతని చెవి పట్టుకుని గానీ నిద్రపోదు. చెవి వదిలించుకుంటే లేచి ఏడుస్తుంది. ఆ పిల్ల రెండేళ్ళు టెక్కలిలో ఎవరి చెవి పట్టుకుని పడుకోవాలి? అతను కూడా గోడనే చూస్తూ, "ఎందుకట్టుకెల్లడం? సూసుకోడానికి నానున్నాను కదా," అన్నాడు.

"మగోడు గుంటల్ని సూడ్డమేటి? ఎత్తడానికీ దించడానికీ అయ్యేటి సరుకు బస్తాలా?" అంది అమ్మన్నమ్మ పొయ్యి ఊదుతూ.

ఆ మాట గవరయ్యకి సూదిలా గుచ్చుకుంది. తన పనిని ఎవరేమన్నా పడడు. అన్నం మధ్యలోనే పందెం కాశాడు. బొడొదిన్ సెలవలు వస్తున్నాయి. క్రిస్మస్‌ని కలకత్తాలో అందరూ బొడొదిన్ అనే అంటారు, హిందువులైనా, తురకలైనా, తెలుగువాళ్ళైనా. ఆ సెలవలన్నాళ్ళూ తను డాకులో లీవు పెడతాడు. ముగ్గురు పిల్లలూ తనతోనే. ఊరంతా తిప్పుతాడు. ఒక్కరికి దెబ్బ తగిలినా, ఒక్కరు కంటతడి పెట్టినా సిమ్మిని తీసుకుపోవచ్చు. లేదంటే సిమ్మి ఇక్కడే. అమ్మన్నమ్మ జనవరిలో ఊరెళ్ళాలి, రైలు టిక్కెట్టు ఒకటి తియ్యాలా, ఒకటిన్నర తియ్యాలా అన్నది సెలవలు చెబుతాయి.

"బాగున్నాది," అంది అమ్మన్నమ్మ. ఈసారి పసివాడితో.

తవిటమ్మకి మాత్రం సిమ్మిని పంపడం ఇష్టం లేదు, కాదనడానికి ఒంట్లో ఓపికా లేదు. ఎటూ తేల్చుకోలేక మొగుడి వైపు చూసింది. గవరయ్య ఆమెకి బొటనవేలు ఎత్తి చూపించాడు. అది డాకు సైగ కాదు గానీ ఆమెకి అర్థమైంది.

మొదటి రెండు మూడు రోజులూ గవరయ్యకి ఎదురు లేకపోయింది. ఒకరోజు ఫెర్రీ ఎక్కించి గంగ అవతల బొటానికల్ గార్డెన్‌కి తీసుకెళ్ళాడు. ఫెర్రీలో అంచుకి వెళ్ళబోయిన వెంకటేశు తండ్రి పిడికిలి చూసి తలుపు గడియలా నిలబడిపోయాడు. ఎండలో దుప్పటి పరుచుకుని కమలాలు ఒలుచుకుతిన్నారు. సిమ్మి తొక్కలన్నీ ఏరి అమ్మకని మూట కట్టింది. ఇంకోరోజు మెటియాబ్రుజ్ బేకరీ ముందు నిలబెట్టి, పొయ్యిలోంచి కేకులు బయటికి తీస్తుంటే చూపించాడు. రంగు కాగితం చుట్టిన కేకు ఒకటి ఇంటికి తెచ్చి పసివాడికి తప్ప అందరికీ కోసి పెట్టాడు. సాయంత్రం పిల్లలు నవ్వుకుంటూ ఇంట్లో అడుగుపెట్టేసరికి అమ్మన్నమ్మ వాళ్ళ మోకాళ్ళు, మోచేతులు తిప్పి తిప్పి చూసేది. గీత కూడా దొరికేది కాదు.

"ఏటో, ఇప్పటికైతే బాగానే ఉన్నాది," అని కేకు ముక్క చప్పరిస్తూ పొయ్యికి చెప్పింది.

ఇక మిగిలింది బొడొదిన్ నాడు చిడియాఖానా. ఆలీపూర్ జంతుప్రదర్శనశాలకి ఆ రోజు కలకత్తాలో ఉన్న ప్రతి తల్లీ ప్రతి తండ్రీ పిల్లల్ని తీసుకుని వస్తారు. తవిటమ్మ పూరీలు, ఆలూదమ్ డబ్బాలో సర్దుతూ, "మావా, ఆ రోజు తప్ప ఇంకే రోజైనా ఎల్లు. ఆ జనంలో పెద్దోళ్ళే తప్పిపోతారు," అంది.

"బ్రిగేడ్ మైదానంలో యూనియన్ మీటింగుకి లక్షల మంది వస్తారు. జెండా పట్టుకుని ఎల్లినోణ్ణి జెండాతోనే తిరిగొచ్చినాను. ఒక్క మనిషిని తప్పిపోనిచ్చినానా?" అన్నాడు గవరయ్య.

అమ్మన్నమ్మ ఖిదిర్‌పూర్ ఫుట్‌పాత్ మీద బేరమాడి కొన్న మంకీ టోపీలు ముగ్గురి తలలకీ తొడిగింది. మూడూ ఎరుపే. ఒకే రంగు తీసుకుంటే వాడు తగ్గించి ఇచ్చాడట. కళ్ళూ ముక్కూ తప్ప ఏమీ కనపడకుండా ముగ్గురూ బయల్దేరారు.

చిడియాఖానాలో ఇసకవేస్తే రాలని జనం. జిరాఫీ మెడ చూసి సిమ్మి, దానికి మఫ్లరు ఎన్ని గజాలు కావాలని అడిగింది. ఏనుగుకి వెంకటేశు చెరుకు ముక్క విసిరాడు. సుందరి అయితే బడిలో నేర్చుకున్న బెంగాలీలో బోర్డులన్నీ చదివి తండ్రికి చెప్పింది. గవరయ్యకి బెంగాలీ మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. కూతురు చదువుతుంటే ఆ పక్కనున్న బాబులకి కూడా వినపడాలని కావాలనే మళ్ళీ మళ్ళీ అడిగాడు. గడ్డి మీద కూర్చుని పూరీలు తిన్నాక నీటిగుర్రం దగ్గరికి వెళ్ళారు. అది నోరు తెరిచింది. సిమ్మి పిడికిలి బిగించి పైకెత్తి దానికి చూపించింది. అది నోరు అలాగే తెరిచి ఉంచేసరికి చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. గవరయ్యకి ఇంత సంతోషం ఎప్పుడూ లేదు.

అప్పుడు సిమ్మికి వేరుశనగలు కావలసి వచ్చాయి. అమ్మేవాడు కాస్త అవతల ఉన్నాడు, చుట్టూ జనం తోసుకుంటున్నారు. ముగ్గురినీ ఆ తోపులాటలోకి తీసుకెళ్ళడం కంటే ఇక్కడ ఉంచడమే మేలని గవరయ్య లెక్క వేసుకున్నాడు. నీటిగుర్రం చెరువు పక్కన ఒక దీపస్తంభం ఉంది. దాని చుట్టూ మోకాలెత్తు సిమెంటు అరుగు. ముగ్గురినీ ఎక్కించి, రెండడుగులు వెనక్కి వేసి పిడికిలి చూపించాడు.

"ఎంతసేపు నాన్నా?" అంది సుందరి.

"నా సెయ్యి దిగేదాకా. ఇంకెవులు పిలిసినా కదలకండి. ఒకటే సెయ్యి," అన్నాడు.

శనగలు కొన్నాడు కూడా. పొట్లం చేతిలోకి వచ్చిందో లేదో, తెల్లపులి బయటికి వచ్చిందని ఎవరో అరిచారు. అంతే. జనమంతా ఒక్కసారి అటు తిరిగారు. గవరయ్య కాళ్ళు నేలకి ఆనడం లేదు. ఆ ఉరవడిలో అతను కొట్టుకుపోయి, చెరువు మీది వంతెన దాటి, అవతలి ఒడ్డున తేలాడు. వెనక్కి రాబోతే వంతెనకి అడ్డంగా తాడు కట్టి ఉంది. ఇటునుంచి అటు వెళ్ళడమే గానీ అటునుంచి ఇటు రాకూడదన్నారు కాపలావాళ్ళు. చుట్టూ తిరిగి రమ్మన్నారు. బతిమాలాడు, ఒక మాట గట్టిగా కూడా అన్నాడు. లాభం లేకపోయింది.

చుట్టూ తిరిగి వస్తుంటే బంగారయ్య ఎదురుపడ్డాడు. కార్పొరేషన్‌లో పని, ఉండేది వీళ్ళ వెనక లైన్లోనే. తనూ పెళ్ళాం పిల్లలతో వచ్చాడు.

"గవరన్నా, గుంటలేరి?" అన్నాడు.

"నీటిగుర్రం కాడ నిలబెట్టినాను."

"ఎంతసేపైనాది?"

గవరయ్య ఎండ ఎక్కడిదాకా వాలిందో చూశాడు. బంగారయ్య చుట్టూ జనాన్ని చూసి నాలుక చప్పరించాడు. "ఇంకా అక్కడే ఉంటారేటి? గుంటలన్నాక ఏడుస్తారు, ఎతుక్కుంటా ఎటో పోతారు. ఎవులో ఒకలు మైకు కాడకి తెస్తారు. పొద్దుటి నుంచీ సూస్తన్నాను, తప్పిపోయినోళ్ళందరూ అక్కడే దొరుకుతన్నారు. నువ్వు మైకు కాడకెల్లు."

ఇక్కడే గవరయ్య దెబ్బతిన్నాడు. రోజూ వసారాలో ఆ పిల్లల్ని నిలబెట్టినవాడు తనే. వాళ్ళు నిలబడతారని లైన్లో అందరికీ గొప్పలు చెప్పినవాడూ తనే. తీరా నమ్మవలసిన చోటికి వచ్చేసరికి, ఆ నమ్మకం కాస్తా బంగారయ్య ఒక్క మాటకి ఎగిరిపోయింది. మైకు దగ్గరికి పరుగెత్తాడు.

గేటు దగ్గర గుడారంలో బూడిదరంగు శాలువా కప్పుకున్న ఒకావిడ మైకు ముందు కూర్చుని ఉంది. గవరయ్య పేర్లు చెప్పాడు. "గుర్తేమిటి దాదా?" అని అడిగింది.

"ఎర్ర మంకీ టోపీలు."

ఆవిడ అతని ముఖం చూసింది. తర్వాత గుడారం బయట జనాన్ని చూసింది. ఎటు చూసినా ఎర్ర మంకీ టోపీలే. ఫుట్‌పాత్ వాడు ఊరందరికీ తగ్గించే ఇచ్చినట్టున్నాడు. అయినా పాపం, ఆవిడ మూడు పేర్లూ చదివింది, నోరు తిరగని సింహాచలమ్మతో సహా. కాసేపటికి ఒకాయన ఎర్ర టోపీ పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చాడు. గవరయ్య పరుగున వెళ్ళి టోపీ పైకి లాగాడు. లోపల ఇంకెవరి పిల్లాడో. ఆ తర్వాత ఒక పిల్ల వచ్చింది, ఆ పిల్లా కాదు. ఎర్ర టోపీ కనబడ్డప్పుడల్లా అతని ప్రాణం లేచొచ్చేది, టోపీ తియ్యగానే మళ్ళీ పోయేది.

బెంచీ మీద కూర్చున్నాడు. చెరువు గుర్తొచ్చింది. సిమ్మికి ఈత రాదు. ఊళ్ళో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళ గురించి విన్నవన్నీ గుర్తొచ్చాయి. అమ్మన్నమ్మ గోడతో అనబోయే మాటలు కూడా గుర్తొచ్చాయి గానీ, ఇప్పుడవి పెద్దగా బాధ పెట్టలేదు. సిమ్మి టెక్కలి వెళ్ళినా, బెంగుళూరు వెళ్ళినా, ఎక్కడో ఒకచోట ఒంటి మీద ప్రాణంతో ఉంటే చాలనిపించింది. పందెం కాసిన నోటిని తనే తిట్టుకున్నాడు.

ఎండ చల్లబడింది. జనం గేటు వైపు మళ్ళుతున్నారు. శాలువా ఆవిడ ఫ్లాస్కులోంచి టీ పోసి అతనికి ఇచ్చింది. "దాదా, ఆఖరున పిల్లల్ని ఎక్కడ వదిలారు?"

"నీటిగుర్రం దగ్గర."

"ఏం చెప్పి వెళ్ళారు?"

"చెయ్యి దిగేదాకా కదలొద్దని ఇలా చూపించాను," అని గవరయ్య చెయ్యి ఎత్తాడు.

ఆ చేతిని అతనే చూసుకున్నాడు. పిడికిలి అప్పటికే బిగించి ఉంది. శనగల పొట్లం అందులో నలిగిపోయి ఉంది. పొట్లం పట్టుకున్నప్పటి నుంచీ ఆ చెయ్యి ఒక్కసారి కూడా తెరిచినట్టు లేదు. ఆరియా చూపించలేదు. బరువుని గాల్లోనే వదిలేసి, క్రేను దగ్గర నుంచి తనే పారిపోయి వచ్చాడు.

టీ గ్లాసు ఎక్కడ పెట్టాడో తెలియదు. పరుగెత్తాడు.

నీటిగుర్రం చెరువు దగ్గర జనం ఇంకా పలచబడలేదు. పైగా ఒకచోట గుమిగూడి ఉన్నారు. ఆ తలల మీదుగా గవరయ్యకి మూడు ఎర్ర టోపీలు కనిపించాయి. మెట్ల వరసలా, పెద్దది, మధ్యది, చిన్నది. అతను వదిలి వెళ్ళిన అరుగు మీదే, అతను వదిలినట్టే. వాళ్ళ ముందు ఒక కానిస్టేబుల్ చెయ్యి రుద్దుకుంటున్నాడు. ఒకావిడ కమలా తొనలు చేతిలో పట్టుకుని బతిమాలుతోంది.

"ఖుకీ, చిట్టితల్లీ, మైకులో మీ పేర్లే పిలుస్తున్నారమ్మా. నాతో రా, మీ నాన్న అక్కడే ఉన్నాడు," అంటున్నాడు కానిస్టేబుల్.

సుందరి ముఖం వాడిపోయి ఉంది. అయినా తల అడ్డంగా ఊపింది. "మైకు చెయ్యి కాదు కదా. నాన్న చెయ్యి చూపించాలి," అంది బెంగాలీలో.

"ఇదే మాట గంటల నుంచీ," అన్నాడు కానిస్టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళతో. "చిన్నదాన్ని ఎత్తుకోబోతే కరిచింది. మైకు దగ్గరికి పంపినవాడు ఈ జనంలో తిరిగి రానేలేదు. ఇక చేసేది లేక నేనూ ఇక్కడే నిలబడ్డాను."

గవరయ్య పిలిచాడు. ఆ గోలలో వినపడలేదు. తోసుకుని వెళ్ళబోతే జనం కదల్లేదు. చుట్టూ చూసి, ఒక బెంచీ మీదికి ఎక్కి, కుడిచెయ్యి ఎంత ఎత్తుకి వెళ్తే అంత ఎత్తాడు. ముందు చూసింది సిమ్మి. ఆ తర్వాత మిగతా ఇద్దరూ చూశారు. ఒక్కరూ దూకలేదు, ఒక్కరూ అరవలేదు. అతని చేతినే చూస్తూ నిలబడ్డారు. అరచెయ్యి బోర్లించి మెల్లగా, చాలా మెల్లగా కిందికి దించాడు.

ముగ్గురూ ఒకేసారి అరుగు దిగారు. నేల మీద కాలు పెట్టాక గానీ సిమ్మి ఏడవలేదు.

దారి ఇచ్చిన జనం మధ్య నుంచి వెళ్ళి గవరయ్య దాన్ని ఎత్తుకున్నాడు. గౌను తడిసి ఉంది. పొట్ట మీద చల్లగా తగిలింది. పాస్ పోసుకోవడానికి కూడా ఆ పిల్ల కదల్లేదు. గవరయ్య అక్కడే, బెంగాలీ బాబులందరి ముందూ, భోరుమని ఏడ్చాడు. తన స్వెట్టరు విప్పి దాన్ని చుట్టబెట్టాడు. "తప్పైపోనాది తల్లీ, నాదే తప్పు," అని ఒకటే మాట. కానిస్టేబుల్ కాసేపు పక్కకి తిరిగి నీటిగుర్రాన్ని చూశాడు.

బస్సులో సిమ్మి అతని చెవి పట్టుకుని నిద్రపోయింది. వెంకటేశు పొట్లంలో నలిగిన వేరుశనగల పొడి నాకుతున్నాడు. సుందరి చాలాసేపు కిటికీలోంచి చూసి, తర్వాత మెల్లగా, "అమ్మమ్మకి చెప్పం నాన్నా. నువ్వు పిడికిలి చూపిస్తే ఎవరికీ చెప్పం," అంది.

నిజమే. ఒక్క పిడికిలి చాలు. ముగ్గురూ చచ్చినా నోరు విప్పరు. సిమ్మి కలకత్తాలోనే ఉండిపోతుంది. గవరయ్యకి ఆశ పుట్టలేదంటే అబద్ధం. కానీ ఇంకా తడిగా ఉన్న ఆ గౌను ఒళ్ళోనే ఉంది. చూపిస్తే వీళ్ళు పాటిస్తారు, అందుకే అతనికి భయం వేసింది. కుడిచేతిని తీసి జేబులో పెట్టుకున్నాడు.

"అమ్మమ్మ అడిగితే ఉన్నదున్నట్టు సెప్పండి," అన్నాడు.

చెప్పారు. అడిగేదాకా కూడా ఆగలేదు. గడప దాటుతూనే వెంకటేశు, "అమ్మా, నాన్న తప్పిపోయాడు," అన్నాడు.

"గుంటలు తప్పిపోనారా?" అంది అమ్మన్నమ్మ ఒక్కసారి లేచి నిలబడి.

"మేం తప్పిపోలేదు అమ్మమ్మా. మేం ఉన్నచోటే ఉన్నాం. నాన్నే తప్పిపోయి మైకు దగ్గర కూర్చున్నాడు," అంది సుందరి.

అప్పుడు వివరాలన్నీ బయటికొచ్చాయి. తవిటమ్మ సిమ్మి గౌను విప్పి వేడినీళ్ళు పోస్తూ కళ్ళు తుడుచుకుంది. గవరయ్య ఏమీ దాచలేదు, ఎవరి మీదా నెట్టలేదు, బంగారయ్య మాట కూడా ఎత్తలేదు. అమ్మన్నమ్మ అంతా విని గోడ వైపు తిరిగింది.

"సంకలో బిడ్డనెట్టుకుని ఊరంతా ఎతికినట్టు," అంది. కొంగు బిగించి, "రేపు పొద్దున్నే ఒకటిన్నర టిక్కెట్టు తెమ్మను. మాటంటే మాటే," అంది.

"తెస్తాను," అన్నాడు గవరయ్య గోడతో.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, జుట్టు దువ్వుకుని, టిక్కెట్లకి బయల్దేరాడు. వసారా మెట్టు దిగి చెప్పులు వేసుకున్నాడు. వెనక చప్పుడైతే తిరిగి చూశాడు. గుమ్మంలో సిమ్మి నిలబడి ఉంది. నిద్రకళ్ళు, చింపిరి జుట్టు. చిన్న కుడిచెయ్యి పైకెత్తి పిడికిలి బిగించి చూపిస్తోంది.

గవరయ్య ఆగిపోయాడు. ఒక చెప్పు వేసుకుని, ఒకటి వేసుకోకుండా.

సిమ్మి అతన్ని ఒకసారి పరీక్షగా చూసి లోపలికి వెళ్ళిపోయింది.

లైన్లో జనం లేచే వేళ అది. కుళాయికి బిందెలతో వెళ్ళేవాళ్ళు అతన్ని చూసి ఆగారు. బంగారయ్య డ్యూటీకి పోతూ, "గవరన్నా, ఏటలా నిలబడిపోనావు?" అన్నాడు. గవరయ్య కళ్ళతోనే నవ్వాడు. డాకు సైరను మోగింది. ఎవరి వసారాలోనో పొయ్యి రాజేశారు, ఆ పొగంతా అతని ముఖం మీదికే వచ్చింది. కళ్ళు నులుముకోలేదు. తవిటమ్మ పసివాణ్ణి భుజాన వేసుకుని వచ్చి చూసింది.

"మావా, టికెట్ల కాడ లైను పెరిగిపోతాది. ఎల్లు."

"సెయ్యి దించనేదు," అన్నాడు గవరయ్య పెదవులు కదలకుండా.

"అదేటి? అది లోపల కూకుని మరమరాలు తింటన్నాది. మరిసిపోనాది."

"మరిసిపోనీ. నిన్న అది నిలబడనేదా?"

తవిటమ్మకి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. లోపలికి వెళ్ళి పిల్లతో ఏదో అనబోయింది. అమ్మన్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. పీట మీద కూర్చుని, గుమ్మంలోంచి అల్లుణ్ణి చూస్తోంది ఆవిడ. ఒంటి చెప్పుతో, చలిలో, జనం నవ్వుతుంటే, ఉన్నచోటే ఉన్న ఆ మనిషిని. సిమ్మి నిదానంగా మరమరాలు తిన్నది. నీళ్ళు తాగింది. తమ్ముడి బుగ్గ గిల్లింది. అప్పుడు ఏదో గుర్తొచ్చినట్టు గుమ్మంలోకి వచ్చి, తండ్రి ఇంకా అక్కడే ఉండటం చూసింది. దాని ముఖం విప్పారింది. అరచెయ్యి బోర్లించి మెల్లగా, తండ్రి దించినంత మెల్లగా, కిందికి దించింది.

గవరయ్య రెండో చెప్పు వేసుకున్నాడు. సిమ్మి పరుగున వచ్చి అతని కాళ్ళని చుట్టేసుకుంది. దాని తల నిమిరి, మెల్లగా విడిపించుకుని, టిక్కెట్లకి వెళ్ళబోయాడు.

అమ్మన్నమ్మ లేచి వసారాలోకి వచ్చింది. గోడ వైపు తిరగలేదు. పొయ్యి వైపూ తిరగలేదు. పదేళ్ళలో మొదటిసారి అల్లుడి ముఖంలోకి చూసింది.

"బావూ," అంది. "ఈ గుంటని అట్టుకెల్లి అక్కడ నిలబెడితే, మా ఊర్లో దీన్ని దించేవోడు ఎవుడున్నాడు? టిక్కెట్టు ఒకటే తియ్యండి."